ఆగిపోయిన కార్టూన్ షోని డీవీడీ ఎలా బతికించింది? ఫ్యాన్స్ రివ్యూల్లో అసలు ఏం చూస్తారు?

 

ఫోన్లో రీల్స్ చూస్తుంటే ఇది మీకు ఒక్కసారైనా కనిపించే ఉంటుంది. స్క్రీన్ పై సగంలో ఫ్యామిలీ గై క్లిప్, కింద సగంలో సబ్‌వే సర్ఫర్స్ గేమ్. ఆ షో పేరు కూడా తెలియకుండానే నవ్వుకుని, పైకి తోసేసి ఉంటారు. ఆ షో 2002లోనే ఆగిపోయింది అంటే నమ్ముతారా? అమెరికాలో ఫాక్స్ ఛానల్ వాళ్లు ఇక చాలు అనేశారు. కానీ 2005 మే 1న అదే ఛానల్లో అదే షో మళ్లీ మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది. ఆ మూడేళ్లలో ఏం జరిగింది? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు నా కథ ఒకటి చెప్పాలి. లేకపోతే నాకు ఈ టాపిక్ మీద ఇంత పిచ్చి ఎందుకో మీకు అర్థం కాదు.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు మా పెద్దనాన్న కొడుకు, మా అన్నయ్య, డల్లాస్ నుంచి సెలవులకి వచ్చాడు. అందరికీ చాక్లెట్లు తెచ్చాడు. నాకు మాత్రం ఒక డీవీడీ సెట్ ఇచ్చాడు. ఫ్యూచరామా. "చూడరా, నీకు నచ్చుతుంది" అన్నాడు. ఇంట్లో ప్లేయర్లో పెట్టాను. స్క్రీన్ మీద ఒక్క లైన్: రీజియన్ తప్పు. అంతే, ఇక కదల్లేదు.

అప్పుడు తెలిసింది నాకు. డీవీడీల కోసం ప్రపంచాన్ని ముక్కలుగా కోసి నంబర్లు ఇచ్చారు. అమెరికా, కెనడా రీజియన్ 1. మన ఇండియా రీజియన్ 5. అక్కడ అమ్మింది ఇక్కడ ఆడకూడదు, లెక్క అది. కంప్యూటర్లో డ్రైవ్‌కి రీజియన్ మార్చుకోవచ్చు, కానీ ఐదే ఐదు సార్లు. ఐదోసారి తర్వాత తాళం పడిపోతుంది. మార్చేటప్పుడు ఇంకా ఎన్ని మిగిలాయో కూడా చూపిస్తుంది. ఆ అంకె తగ్గుతుంటే గుండె దడ. ఈ కథ చివర్లో మళ్లీ చెప్తా.

సరే, అసలు విషయం. యానిమేటెడ్ సిట్‌కామ్ అంటే ఏంటి? ఒక ఇల్లో, ఒక ఆఫీసో, అవే క్యారెక్టర్లు, ప్రతి ఎపిసోడ్‌కి 22 నిమిషాల కామెడీ. కాకపోతే బొమ్మలు. చూడ్డానికి కార్టూనే గానీ రాసేది పెద్దవాళ్ల కోసం. సింప్సన్స్ ఈ దారి వేసింది. దాన్ని సృష్టించిన మ్యాట్ గ్రోనింగే తర్వాత డేవిడ్ ఎక్స్. కోహెన్‌తో కలిసి ఫ్యూచరామా చేశాడు. పిజ్జా డెలివరీ కుర్రాడు ఒకడు గడ్డకట్టిపోయి వెయ్యేళ్ల తర్వాత నిద్ర లేస్తాడు. 1999 మార్చిలో మొదలైంది. 2002లో ఎమ్మీ అవార్డు కూడా కొట్టింది.

అయినా ఆగిపోయింది. ఎందుకంటే టీవీ వాళ్లకి లెక్క ఒక్కటే. ఆ టైమ్‌కి ఎంతమంది చూస్తున్నారు, యాడ్ ఎంతకి అమ్ముడుపోతుంది. ఫ్యూచరామాకి ఆదివారం సాయంత్రం 7 గంటల స్లాట్ పడింది. దాని ముందు అమెరికన్ ఫుట్‌బాల్. మ్యాచ్ లేట్ అయితే ఆ వారం షో ఎగిరిపోయేది. ఎప్పుడు వస్తుందో తెలియని షో కోసం ఎవరు కూర్చుంటారు చెప్పండి? ఫాక్స్ కొత్త ఎపిసోడ్లు అడగడం మానేసింది. 2003 ఆగస్టు 10న 72వ ఎపిసోడ్‌తో అక్కడ ముగిసింది.

ఇక్కడే డీవీడీ లెక్క మార్చేసింది. టీవీలో మీరు చూస్తున్నారా లేదా అన్నది ఒక అంచనా. డీవీడీ అలా కాదు. ఒకడు షాపుకెళ్లి జేబులోంచి డబ్బు తీశాడు. ఫ్యామిలీ గై మొదటి సెట్ 2003 ఏప్రిల్‌లో వచ్చింది, 28 ఎపిసోడ్లు. ఏడాదిలో 20 లక్షలకు పైగా సెట్లు అమ్ముడుపోయాయి. అదే సమయంలో అడల్ట్ స్విమ్ అనే బ్లాక్‌లో రాత్రిపూట పాత ఎపిసోడ్లు మళ్లీ వేస్తే వాటికీ జనం వచ్చారు. రెండూ కలిసి ఫాక్స్ మనసు మార్చాయి. తిరిగొచ్చిన మొదటి ఎపిసోడ్‌లో మొదటి జోకే ఇది: షో ఆగిపోయాక ఫాక్స్ మొదలుపెట్టి ఎత్తేసిన షోల పేర్లన్నీ హీరో గుక్కతిప్పుకోకుండా చదువుతాడు. 29 పేర్లు!

ఇప్పుడు రివ్యూల సంగతి. మామూలు రివ్యూ అంటే ఏంటి? బాగుందా, బాలేదా, ఐదుకి ఎన్ని స్టార్లు. ఆగిపోయిన షో డీవీడీకి ఫ్యాన్ రాసే రివ్యూ అలా ఉండదు. షో బాగుందని అతనికి ముందే తెలుసు. అతని ప్రశ్న వేరు: "నేను టీవీలో చూసిన షోనే ఈ డబ్బాలో ఉందా? లేక వేరే ఏదో పెట్టారా?" ఇది మెచ్చుకోవడం కాదు ఫ్రెండ్స్, తనిఖీ. వాళ్లు చూసేవి ముఖ్యంగా ఐదు.

ఒకటి, వరుస. ఫ్యూచరామాని టీవీలో తయారైన వరుసలో వేయలేదు. నాలుగు సీజన్లుగా తయారైంది ఐదు సీజన్లుగా, అటూ ఇటూ కలిపి వచ్చింది. డీవీడీలో మాత్రం తయారైన వరుసలో పెట్టారు. దాంతో ముందే చల్లిన చిన్న చిన్న క్లూలు ఒకదాని వెనక ఒకటి అతుక్కున్నాయి. టీవీలో చూసినవాళ్లకి డీవీడీలోనే కథ సరిగ్గా అర్థమైంది.

రెండు, అన్నీ ఉన్నాయా. ఫ్యామిలీ గైలో ఒక ఎపిసోడ్ ఉంది. యూదుల మీద జోకులు తేడా కొడతాయని భయపడి ఫాక్స్ దాన్ని వేయకుండా పక్కన పెట్టింది. జనం దాన్ని మొదటిసారి చూసింది 2003 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో డీవీడీ సెట్‌లో. అంటే టీవీలో రానిది డబ్బాలో ఉంది. ఇలాంటిది కనిపిస్తే రివ్యూలో మొదటి లైను అదే.

మూడు, పాటలు. ఇది చాలామందికి తెలియని బాధ. టీవీలో వాడుకోవడానికి పాట హక్కులు కొంటారు. డీవీడీకి ఆ హక్కు వేరే కొనాలి, వేరే డబ్బు కట్టాలి. మిషన్ హిల్ అని ఒక షో ఉంది. సింప్సన్స్‌లో పనిచేసిన బిల్ ఓక్లీ, జోష్ వైన్‌స్టీన్ చేశారు. 1999లో డబ్ల్యూబీ ఛానల్లో మొదలై, రెండు ఎపిసోడ్లకే ఆగింది. మొత్తం తయారైనవి 13. 2005లో డీవీడీ వచ్చింది. ఫ్యాన్స్ పండగ చేసుకుంటూ డిస్క్ పెడితే, చాలాచోట్ల అసలు పాటలు లేవు. వాటి బదులు వేరే మ్యూజిక్. డారియా మధ్యలో ఆపేసిన షో కాదు గానీ, 2010లో వచ్చిన దాని డీవీడీ సెట్‌లోనూ ఇదే జరిగింది. మీకు ఇష్టమైన సినిమాలో క్లైమాక్స్ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ తీసేసి ఏదో రింగ్‌టోన్ పెట్టారనుకోండి. సీను అదే. మీకు ఏడుపు మాత్రం రాదు.

నాలుగు, అదనంగా ఏం ఇచ్చారు. ఫ్యూచరామా 72 ఎపిసోడ్లకీ ఆడియో కామెంటరీ ఉంది. అంటే ఎపిసోడ్ నడుస్తుంటే రాసినవాళ్లు, గొంతు ఇచ్చినవాళ్లు కూర్చుని, ఈ జోకు ఎలా పుట్టింది, ఏది కోసేశారు అని కబుర్లు చెప్తారు. ఇంకో సంగతి. ఆ షోలో గోడల మీద గ్రహాంతరవాసుల లిపిలో రాతలుంటాయి. టీవీలో అర సెకనులో పోతాయి. డిస్క్‌లో పాజ్ కొట్టి, అక్షరం అక్షరం విప్పి చదవొచ్చు. ఫ్యాన్స్ నిజంగానే చదివారు.

ఐదు, ఎక్కడ ఆడుతుంది. దీనికి మన దేశంతో లింకున్న ఉదాహరణే చెప్తా. క్లోన్ హై. చరిత్రలో పెద్దవాళ్ల క్లోన్లు టీనేజర్లుగా ఒకే హైస్కూల్లో చదువుతుంటారు. అందులో గాంధీ క్లోన్ ఎప్పుడూ పార్టీలంటూ తిరిగే అల్లరి కుర్రాడు. 2003 జనవరిలో అమెరికా ఎంటీవీలో వస్తుంటే ఆ వార్త ఇక్కడికి చేరింది. జనవరి 30న, అంటే గాంధీగారి వర్ధంతి రోజున, ఢిల్లీలో నిరసన దీక్ష చేశారు. ఎంటీవీ క్షమాపణ చెప్పింది. 13 ఎపిసోడ్లతో అప్పటికి షో ముగిసింది. ఇక్కడివాళ్లకి బాధ కలగడం సహజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ 2005లో డీవీడీ వచ్చింది ఎక్కడో తెలుసా? కెనడాలో. అమెరికా ఫ్యాన్స్ పక్క దేశం నుంచి తెప్పించుకున్నారు. రీజియన్ 1 కాబట్టి వాళ్లకి ఆడింది. ఏ కార్టూన్ మీద ఇక్కడ దీక్షలు జరిగాయో, ఆ డిస్క్ మన ప్లేయర్లో పెడితే ఆడదు. ఇంతకీ దాన్ని తీసిన ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్ ఎవరనుకున్నారు? తర్వాత స్పైడర్-వర్స్ సినిమాలు నిర్మించినవాళ్లే!

మరి ఫ్యాన్స్ రివ్యూలన్నీ నమ్మొచ్చా? లేదు. ఒక లోపం ఉంది. ఆగిపోయిన షో అంటే జాలి. జాలి ఉన్నచోట మార్కులు ఊరికే పడతాయి. నా సంగతే చెప్తా. డీవీడీలు, అడల్ట్ స్విమ్ పుణ్యమా అని ఫ్యూచరామా తిరిగొచ్చింది, అదీ నేరుగా డీవీడీకే, నాలుగు సినిమాలుగా. మొదటిది 2007 నవంబర్‌లో, చివరిది 2009 ఫిబ్రవరిలో. మొదటి సినిమా మొదట్లోనే తమని ఆపేసిన ఛానల్‌ని "బాక్స్" అని పేరు మార్చి ఒక ఆట ఆడుకుంటారు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. రెండో సినిమాకి మాత్రం బోర్ కొట్టింది. కానీ ఆ మాట ఎవరితోనూ అనలేదు! అంటే మళ్లీ ఆపేస్తారేమో అని భయం.

ఇప్పుడు తీరిగ్గా చూస్తే కారణం తెలుస్తోంది. ఒక్కో సినిమాని తర్వాత టీవీలో నాలుగు ఎపిసోడ్లుగా విడగొట్టాలి. అందుకే కథ ప్రతి 22 నిమిషాలకి ఒకసారి పైకి లేస్తుంది, మళ్లీ పడుతుంది. సినిమాలా సాగదు, ఎపిసోడ్‌లా ముగియదు. ఇది చెప్పడం షోకి ద్రోహం కాదు. కొనేవాడికి నిజం చెప్పడం. ఆ నాలుగు తర్వాత 2010లో షో మళ్లీ టీవీకెక్కింది, 2013లో మళ్లీ ఆగింది, 2023లో హులూలో మళ్లీ వచ్చింది. నిజం చెప్తే చచ్చిపోయేంత బలహీనమైన షో కాదది.

"అన్నా, ఇప్పుడు డీవీడీ ఎవడు చూస్తాడు?" అంటారా? కరెక్టే. మా ఇంట్లోనే ప్లేయర్ అటక మీదుంది. కానీ ప్రశ్న పోలేదు, ఇంకా పెద్దదైంది. 2022 ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ ఒక్కసారిగా బోలెడు యానిమేషన్ షోలు యాప్‌లోంచి తీసేసింది. ఇన్ఫినిటీ ట్రైన్ వాటిలో ఒకటి. నిన్న ఉంది, ఈరోజు లేదు. చందా కట్టినవాళ్ల చేతిలో ఏమీ మిగల్లేదు. యాప్‌లో "బై" బటన్ నొక్కినా చాలాసార్లు మీకు దొరికేది చూసుకునే అనుమతే, వస్తువు కాదు. ఇంకోటి, యాప్‌లో పాట మారినా, సీను కోసేసినా మీకు ఎవరూ చెప్పరు. గమనించి చెప్పేది ఎవరు? ముందు చూసి గుర్తుపెట్టుకున్న ఫ్యాన్ ఒక్కడే.

అందుకే మీకు నచ్చిన షో ఆగిపోతే ఏడుపు ఎమోజీతో వదిలేయకండి. నాలుగు లైన్లు రాయండి. ఎక్కడ చూశారు, ఏ సంవత్సరం చూశారు, ఎన్ని ఎపిసోడ్లున్నాయి, ఏ పాట మారింది, ఏ సీను లేదు, ఏది నిజంగా బాలేదు. పదేళ్ల తర్వాత ఎవడో కుర్రాడు అసలు షో ఎలా ఉండేదని వెతికితే, మీ నాలుగు లైన్లే అతనికి సాక్ష్యం.

ఇక నా ఐదు ఛాన్సులు. మొదటిసారి రీజియన్ 1కి మార్చాను. తర్వాత ఎవరో ఇచ్చిన రీజియన్ 5 డిస్క్ కోసం వెనక్కి మార్చాను. మళ్లీ ఫ్యూచరామా, మళ్లీ ఇక్కడి డిస్క్. నాలుగు అయిపోయాయి. ఐదోసారి చాలా రోజులు ఆలోచించాను. అప్పటికి మొదటి సెట్‌లో మూడు ఎపిసోడ్లు ఇంకా చూడలేదు. ఒక రాత్రి రీజియన్ 1 నొక్కేశాను. ఆ డ్రైవ్ ఇప్పటికీ అక్కడే తాళం పడి ఉంది. ఆ కంప్యూటర్ ఆన్ అవుతుందో లేదో గానీ, అమ్మేయడానికి మాత్రం నాకు మనసు రావట్లేదు.

మీకలా మధ్యలో ఆగిపోయి, ఇప్పటికీ బాధపెడుతున్న షో ఏంటి? ఇవాళే ఆ నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.