కొండదారిలో కలసి నడక

తెలుగువారికి దూరపు నడక కొత్తది కాదు. యాత్ర పేరిట కొండలూ అడవులూ దాటడం తరతరాలుగా వస్తున్న ఆచారమే. 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం ఉండేది. దారి ఎటువంటిది, నీటి వసతి ఉన్నదా, దినుసులు దొరుకుతాయా అన్న విషయాలను ఆయన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో శ్రద్ధగా నమోదు చేశారు. పదిమందిని వెంటబెట్టుకొని వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసినవి ఇవేనని ఆ గ్రంథం చెప్పకనే చెపుతుంది.

నేటి యువత ఈ నడకను మరొక రూపంలో కొనసాగిస్తున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైదరాబాదు పడమటి భాగం స్వరూపమే మారిపోయింది. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పనిచేసే ఉద్యోగులకూ, ఎందరో విద్యార్థులకూ కూకట్‌పల్లి నివాసస్థానమైంది. వారమంతా కంప్యూటరు ముందు కూర్చున్నవారిలో కొందరు శనివారం తెల్లవారగానే వీపున సంచి తగిలించుకొని కొండల దారి పడతారు. పగలు నడక, రాత్రి గుడారంలో బస, ఆదివారం సాయంత్రానికి తిరుగు ప్రయాణం. మనం ట్రెక్కింగ్ అని పిలిచే దీనినే ఆస్ట్రేలియావారు బుష్‌వాకింగ్ అంటారు. సిడ్నీ నగరంలో ఇందుకోసం 1927లోనే ఒక సంఘం ఏర్పడింది.

కూకట్‌పల్లివాసులకు అందుబాటులో ఉన్న కొండలలో అనంతగిరి ముఖ్యమైనది. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాదులో దిగితే కొండ కొద్ది కిలోమీటర్ల దూరమే. అనంత పద్మనాభస్వామి ఆలయం, దట్టమైన చెట్లు, వానకాలంలో పచ్చగా మారే లోయలు ఇక్కడి ఆకర్షణలు. స్వచ్ఛమైన గాలి కారణంగానే పూర్వం ఇక్కడ క్షయరోగుల కోసం చికిత్సాలయాన్ని నెలకొల్పారు. మూసీ నది జన్మస్థానం కూడా ఈ కొండలే. నేడు సన్నని వాగుగా కనిపించే ఆ నదే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విపత్తు తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి.

కొండనడకకు ఉత్సాహం ఒక్కటే చాలదు. లెక్క కూడా అవసరం. 1892లో స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ ఒక సులభ సూత్రాన్ని రూపొందించారు. ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట చొప్పున లెక్కించాలి. ఆ ప్రకారం 300 మీటర్ల ఎక్కుడు ఉన్న 10 కిలోమీటర్ల దారికి రెండున్నర గంటలు పడుతుంది. అయితే ఇది అలవాటుపడినవారు విశ్రాంతి లేకుండా నడిచే లెక్క. కొత్తవారున్న జట్టు అదే దారికి నాలుగు గంటలు కేటాయించుకోవడం క్షేమం. లేనిచో చీకటి పడేవేళకు అడవి మధ్యలో చిక్కుకొనే ప్రమాదం ఉంటుంది.

జట్టు నడిచే తీరుకు కూడా ఒక క్రమం ఉన్నది. దారి తెలిసినవారు ముందు నడవాలి. అనుభవజ్ఞులైన మరొకరు అందరికంటే వెనుక ఉండాలి. వెనుకనున్నవారిని దాటి ఎవరూ మిగిలిపోరాదు. జట్టులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే జట్టు వేగం కావాలి. చురుకైనవారు ముందుకు సాగి, ఒకచోట కూర్చొని, అలసినవారు రాగానే లేచి మళ్లీ బయలుదేరడం పరిపాటి. దానివల్ల విశ్రాంతి అవసరం లేనివారికి విశ్రాంతి దొరుకుతుంది, అవసరమైనవారికి దొరకదు. నడక చాలనివారు సిగ్గుపడి ఆ సంగతి దాచుకోరాదు. నడవగలవారు వారిని తొందరపెట్టరాదు.

రాత్రి బసకు స్థలాన్ని ఎన్నుకోవడంలో మరింత జాగ్రత్త అవసరం. అటవీశాఖ అనుమతించిన చోటనే గుడారం వేయాలి. ఎండిన వాగు ఇసుక పానుపువలె మెత్తగా కనిపించవచ్చు. కాని లోయ నీటి దారి. ఉన్నచోట చినుకు పడకపోయినా, ఎగువన వాన కురిస్తే చాలు, వాగు క్షణాల్లో పొంగుతుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదీలోయలో జరిగిన దుర్ఘటన తెలుగువారు మరువలేనిది. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు నదిలోని రాళ్లపై నిలిచి ఫొటోలు తీసుకొంటుండగా, ఎగువనున్న లార్జి ఆనకట్ట నుండి విడుదలైన నీరు వారిని ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు.

నీటివలెనే నిప్పు కూడా ప్రమాదకరమైనది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో చెలరేగిన దావానలంలో ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు కొండనడకకు వచ్చినవారే. అందుచేత ఎండాకులు రాలే వేసవిలో అడవిలో నిప్పు రాజేయరాదు. అనుమతించిన చోట పొయ్యి వెలిగించినా, నీళ్లు పోసి, బూడిద చల్లబడినదని చేతితో చూసుకొన్న తరువాతనే నిద్రకు ఉపక్రమించాలి.

ఈ ఉదంతాలు విని సాహసానికి వెనుకాడవలసిన పనిలేదు. అదే 2014 మే 25న నిజామాబాదు జిల్లాకు చెందిన గిరిజన బాలిక మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. భువనగిరి కోట ఉన్న ఏకశిలపై వారు తొలి అడుగులు నేర్చుకొన్నారు. ఆపై డార్జిలింగ్‌లోనూ, ఇతర పర్వతప్రాంతాల్లోనూ శిక్షణ పొందారు. నెలల తరబడి సాగిన అభ్యాసమే వారి సాహసానికి పునాది.

ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు రెండు లెక్కలు సరిచూసుకోవాలి. మొదటిది మనుషుల లెక్క: వెళ్లినవారందరూ వచ్చారా? రెండవది వస్తువుల లెక్క: తీసుకువెళ్లిన సీసాలు, కవర్లు అన్నీ తిరిగి సంచిలో చేరాయా? అనంతగిరి లోయలో పారవేసిన చెత్త వాననీటితో మూసీలో కలిసి, నగరం వైపే ప్రయాణిస్తుంది. ఎవరు ఎంత ఎత్తు ఎక్కారన్నది ఆ తరువాతి మాట. ఈ రెండు లెక్కలూ సరిపోయిననాడే ఆ నడక సార్థకమైనట్లు.