జారిపడి పోయారనే మాట

మన ఇళ్లలో పెద్దవారెవరైనా కాలం చేస్తే, పలకరింపుకు వచ్చినవారు ఏమైందని అడుగుతారు. "స్నానాలగదిలో జారిపడ్డారు, ఆ తర్వాత మంచం దిగలేదు" అంటాము. "వయసయింది గదా!" అని వారంటారు. మాట అక్కడితో ముగుస్తుంది. ముగియరాదని మా అభిప్రాయం.

మన తాతల నాడు పడి చనిపోవడమంటే ఎత్తు నుంచి పడడమే. బాగన్ దాతో కొబ్బరితోటలలో చెట్టు మీద నుంచి పడినవారి సంగతులు మేము చిన్ననాడు విన్నాము. వారు పనిచేసే వయసువారు. ఇప్పుడు పడుతున్నది ముసలివారు, అదీ చదునైన నేల మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడడం వల్ల చనిపోతున్నారు. ప్రమాద మరణాలలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. చనిపోయేవారిలో 60 దాటినవారే ఎక్కువ.

అమెరికా లెక్కలు ఇంకా ఆలోచింపజేస్తాయి. అక్కడ 65 దాటిన లక్షమందిలో 2012లో 55 మంది ఇలా చనిపోగా, 2021లో 78 మంది చనిపోయారు. వయసుల తేడాను సరిచేసి వేసిన లెక్క ఇది. కనుక ముసలివారు ఎక్కువయ్యారన్న ఒక్క మాటతో సరిపెట్టుకోలేము. గుండెజబ్బు, చక్కెరజబ్బు ఉన్నవారు మునుపటికన్న ఎక్కువకాలం బతుకుతున్నారు, ఎక్కువ మందులు మింగుతున్నారు. మరణకారణం రాసే పద్ధతి మెరుగుపడడం కూడా కొంత కారణం కావచ్చునంటారు. మన మలేషియాలో 65 దాటినవారు 2010లో నూటికి 5 మంది. 2020 నాటికి 6.8 మంది. మనమూ అదే దారిలో ఉన్నాము.

పడగానే ప్రాణం పోవడం అరుదు. తుంటి ఎముక విరుగుతుంది. మంచాన పడితే ఊపిరితిత్తులకు న్యుమోనియా సోకుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, ఒంటికి పుండ్లు పడతాయి. తుంటి విరిగిన పెద్దవారిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరిగేసరికి మనకు మిగలరు. తలకు దెబ్బ తగిలితే మరొక సంగతి. రక్తం పలుచబడే మందు వాడేవారికి లోపల నెమ్మదిగా రక్తం కారి, కొన్ని రోజులకు గాని బయటపడకపోవచ్చు. "బాగానే ఉన్నాను" అన్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు లేచి నిలబడగానే కళ్లు తిరిగేటట్లు చేయవచ్చు. వాటిని సొంతంగా మానరాదు. డాక్టరుకు చెప్పి సరిచూపించుకోవాలి. కంటి శుక్లాలు, తడినేల, అరిగిన రబ్బరు చెప్పులు, కాళ్లకు చుట్టుకునే సారోంగ్ సంగతి చెప్పనక్కరలేదు. కాళ్ల బలము, నిలకడ పెంచే వ్యాయామం పడడాన్ని తగ్గిస్తుందని పరిశోధనలలో రుజువైంది. పార్కులో చీనా పెద్దలు చేసే తాయ్ చీ అందులోనిదే. మనవాళ్లు బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉంటారు. (మేమూ అంతే.)

అన్నిటికన్న కష్టమైనది దాచడం. మేము బడిలో ఉండగా ఒకనాడు ఫోను వచ్చింది, మా అమ్మగారు పడ్డారని. పెద్ద గాయం కాలేదు. కాని డాక్టరు అడిగినప్పుడు, అంతకుముందే రెండుసార్లు పడినట్లు తెలిసింది! మాకెందుకు చెప్పలేదంటే, "చెబితే నన్ను నా ఇంట్లో ఉండనిస్తారా?" అన్నారు. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. ఆ రెండుసార్లలో ఏ ఒక్కటి తెలిసినా ముందే జాగ్రత్తపడేవారము. కాని ఆమె భయమూ అబద్ధం కాదు. అప్పటివరకు మా ఇంట్లో పడడం గురించి ఎత్తినప్పుడల్లా మేము కోప్పడుతూనే ఉన్నాము.

ఆమె ఇంట్లోనే ఉన్నారు. స్నానాలగది గోడకు పిడి బిగించాము, రాత్రి దీపం పెట్టాము. ఆ పిడి మీద ఇప్పుడు తువ్వాలు ఆరేస్తున్నారు.