110 పక్కనున్న అంకె

ఒడ్డన్‌చత్రంలో కూరగాయలు ఎక్కించుకున్న లారీ తెల్లారేలోగా మదురై మాట్టుతావణి మార్కెట్టుకు చేరాలి. దిండిగల్ దాటాక డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది, బజర్ మోగింది, ఇంకాసేపటికి ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది అనుకుందాం. మెకానిక్ వచ్చి స్కానర్ తగిలిస్తే తెర మీద 1110 అని వస్తుంది. ఇంజిన్‌ను కాపాడే వ్యవస్థే ఇంజిన్‌ను ఆపేసిందని దాని అర్థం. 1109 అయితే, ఆపబోతున్నానని ముందస్తు హెచ్చరిక. ఈ రెండూ రోగం పేర్లు కావు. 1110 ఎందుకొచ్చిందో చెప్పే అంకె అదే జాబితాలో పైనో కిందో ఉంటుంది. అది వెతక్కుండా పంపులూ ఫిల్టర్లూ మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, సరుకు వాడిపోతుంది.

ఈ ప్రాంతానికి మోటారు చరిత్రలో పెద్ద చోటే ఉంది. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, 1920లో పొల్లాచి–పళని మధ్య బస్సు నడిపాడు. తర్వాత పెద్ద రవాణా సంస్థగా ఎదిగిన యూనివర్సల్ మోటార్ సర్వీస్‌కు అదే మొదలు. అంతకుముందు హోటల్లో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారుసైకిల్ కొని, దాన్ని ముక్కముక్కలుగా విప్పి మళ్లీ తనే బిగించి పని నేర్చుకున్నాడు. ఆ కాలం ఇంజిన్‌లో లోపలి సంగతి బయటికి చెప్పేది చప్పుడూ, పొగా, వాసనా, చేతికి తగిలే వేడీ. అనుభవమున్న మెకానిక్ చెవి చాలావరకు సరిగ్గానే పట్టుకునేది. కానీ చెవికి వినపడే సరికి బేరింగు అరిగిపోయి ఉండేది.

ఆ ఆలస్యాన్ని తగ్గించింది ఎలక్ట్రానిక్స్. 1985లో అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ సంస్థ భారీ ఇంజిన్లలో ఇంధనాన్ని కంప్యూటర్‌తో నడిపించడం మొదలుపెట్టింది. జర్మనీలో బాష్ ఇంజినీర్లు 1983లో పని మొదలుపెట్టి, 1986లో 'క్యాన్' అనే పద్ధతిని లోకానికి చూపించారు. బండిలోని కంప్యూటర్లన్నీ మెలితిప్పిన రెండు తీగల మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటిది. దాని మీద లారీల కోసం 1990ల్లో వచ్చిన ఉమ్మడి భాష జె1939. మన దేశంలో 2017 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాక సెన్సర్లు, యూరియా ట్యాంకు, పొగను శుద్ధిచేసే పరికరాలు లారీకి తప్పనిసరి సామాను అయిపోయాయి. రోడ్డు పక్క షెడ్లలో స్కానర్ కూడా స్పానర్ లాంటి పనిముట్టయింది.

జె1939లో ప్రతి కోడ్‌కూ రెండు భాగాలు. మొదటిది దేని గురించో చెబుతుంది: 100 ఆయిల్ ప్రెషర్, 110 కూలెంట్ వేడి, 111 కూలెంట్ మట్టం. రెండోది ఏమైందో చెబుతుంది. అది 0 నుంచి 31 లోపు అంకె. కొన్ని కంపెనీల స్కానర్లు 'పి'తో మొదలయ్యే కోడ్‌లు చూపించినా లోపలి సంగతి దాదాపు ఇదే. తొందరలో ఉన్న మెకానిక్ మొదటి అంకె చూసి ఆగిపోతాడు. అసలు కబురు రెండోదాంట్లో ఉంటుంది.

110 పక్కన 15 ఉంటే వేడి కాస్త మించింది. 16 అయితే ఇంకా మించింది. 0 అయితే కూలెంట్ నిజంగానే ప్రమాదకరంగా కాగింది, బండి పక్కన ఆపాల్సిందే. మన లారీని ఆపింది ఇదే అయితే చూడాల్సినవి కూలెంట్ మట్టం, ఫ్యాన్ బెల్టు, దుమ్ము పట్టిన రేడియేటర్, లీకైన హోస్. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ప్రెషర్ ఉంటుంది, ముఖం కాలుతుంది.

అదే 110 పక్కన 4 ఉందంటే కథ పూర్తిగా వేరు. వేడి సంగతి ఏమోగానీ, సెన్సర్ నుంచి వచ్చే ఓల్టేజి ఉండాల్సినదానికంటే పడిపోయిందని కంప్యూటర్ గోల. ఈ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, దాంతో తీగలో ఓల్టేజి కూడా తగ్గుతుంది. ఇంజిన్ ఆపి, సెన్సర్ కప్లర్ ఊడదీసి, మళ్లీ కీ ఆన్ చేసి కోడ్ చూడాలి. 4 పోయి 3 వచ్చిందా, అంటే ఓల్టేజి పైకెళ్లిందా, తీగ బాగానే ఉంది, చెడింది సెన్సరే. 4 అలాగే ఉండిపోతే తీగ ఎక్కడో రాపిడికి ఒలిచుకుపోయి ఛాసిస్‌కు తగులుతోంది. ఇందులో ఖర్చంటూ లేదు. కొత్త సెన్సర్ కొనాలో, పాత తీగకు టేపు చుట్టాలో చెప్పేస్తుంది. సగం సెన్సర్లు అనవసరంగా మారిపోయేది ఈ చిన్న పని చేయకపోవడం వల్లేనని గట్టిగా అనాలనిపిస్తుంది.

ఒకేసారి నాలుగైదు కోడ్‌లు పడినా బెంబేలెత్తక్కర్లేదు. చాలా ప్రెషర్ సెన్సర్లు ఒకే 5 ఓల్టుల సరఫరాను పంచుకుంటాయి. వాటిలో ఒకటి షార్టయితే మిగతావీ తప్పుడు కబుర్లే చెబుతాయి. మీటరు పెట్టి, కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ వెళితే, ఏది తీసినప్పుడు 5 ఓల్టులు తిరిగొచ్చాయో అదే దొంగ.

బీఎస్-6 బండి లాగకపోవడానికి ఇంకో కారణం యూరియా. ట్యాంకులో పోయాల్సింది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. అది అయిపోయినా, కల్తీదైనా, గొట్టంలో తెల్లటి పలుకులై గడ్డకట్టినా కంప్యూటర్ ముందు హెచ్చరిస్తుంది, తర్వాత పికప్ తగ్గిస్తుంది. ఇంజిన్‌లో ఏ లోపమూ లేకపోయినా బండి ఘాట్ రోడ్డు ఎక్కదు.

స్కానర్ అసలు కలవకపోతే, కీ ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, ఆ రెండు క్యాన్ తీగల మధ్య నిరోధం కొలవాలి. రెండు చివర్లలో చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి మీటరు 60 దగ్గర ఆగాలి. 120 చూపిస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గరికి వస్తే రెండు తీగలూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి.