అయస్కాంతం అంటుకొనే స్టీలు: ఫెర్రిటిక్ ఉక్కు ఉష్ణస్వభావం, తయారీ

వ్యాససంగ్రహం:
అయస్కాంతం అంటుకొంటే ఆ స్టీలు నాసిరకమనే అభిప్రాయం అంగళ్ళలో బలంగా ఉంది. అలా అంటుకొనే స్టీళ్ళలో ప్రధానమైన ఫెర్రిటిక్ ఉక్కు వేడిని ఎలా తట్టుకొంటుంది, ఎక్కడ తట్టుకోలేదు, దాని తయారీలో ఏ జాగ్రత్తలు అవసరం అనే విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫెర్రిటిక్ ఉక్కు, క్రోమియం, అయస్కాంత పరీక్ష, పదును, గరివిడి.

1. అంగడిలో పరీక్ష

పాతపట్నం వంటి ఊళ్ళలో స్టీలు గిన్నె బేరమాడేటప్పుడు చిన్న అయస్కాంతాన్ని తాకించి చూడడం పరిపాటి. అంటుకోకపోతే అసలు స్టీలు, అంటుకొంటే ఇనుము కలిసిన సరుకు అని తీర్పు. ఇదే జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి పాత్రలను మోగించి, చేత్తో బరువు చూసి ఎంచుకొన్న తరాల అనుభవం స్టీలు విషయంలో అక్కరకు రాలేదు. ఆ స్థానంలోకి అయస్కాంతం వచ్చింది.

ఈ పరీక్ష రెండు వైపులా తప్పుతుంది. స్టీలు ఏదైనా అందులో అధికభాగం ఇనుమే. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకంలో పరమాణువుల అమరిక వేరు కనుక దానికి అయస్కాంతం అంటదు. నికెల్ లేకుండా 16 నుండి 18 శాతం క్రోమియం ఉన్న 430 రకం ఫెర్రిటిక్ ఉక్కు. దీనికి అంటుతుంది. నికెల్ ఖరీదు తప్పించడానికి మాంగనీసు కలిపిన 200 వరుస స్టీళ్ళకూ అయస్కాంతం అంటదు. కానీ వాటిలో క్రోమియం కూడా తగ్గించిన చౌకరకాలు 430 కంటె త్వరగా తుప్పు పడతాయి. అంటే తక్కువరకం సరుకు పరీక్షలో నెగ్గి, మంచిది ఓడిపోయే అవకాశం ఉంది. ఇండక్షన్ పొయ్యి కొన్న ఇంట్లో ఈ తీర్పు తలకిందులవుతుంది. అక్కడ అడుగుభాగానికి అయస్కాంతం అంటుకోని గిన్నె పనికిరాదు.

2. క్రోమియం చేసే పని

‘తుప్పు పట్టని ఉక్కు’ అనే తెలుగు మాట వాడుకకు చాలినా శాస్త్రార్థంలో కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఉక్కులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడుతుంది. ఇనుప తుప్పు పెచ్చులూడి లోపలి లోహాన్ని బయటపెడుతుంది. క్రోమియం ఆక్సైడు పొర లోహాన్ని అంటిపెట్టుకొని కాపాడుతుంది. గీత పడితే మళ్ళీ కట్టుకొంటుంది. ఇందుకు కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి.

ఈ క్రోమియానికి ఉత్తరాంధ్రతో సంబంధం ఉంది. నాటి విశాఖపట్నం జిల్లాలో, నేటి విజయనగరం ప్రాంతంలో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. ఆ ఖనిజం ఆధారంగా 1950ల దశాబ్దంలో గరివిడి వద్ద ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వెలసింది. అక్కడా, కొత్తవలసలోనూ తరువాత ఫెర్రోక్రోమ్ తయారైంది. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే వచ్చే ఫెర్రోక్రోమ్‌లో కార్బన్ ఎక్కువ. కార్బన్ దండిగా ఉంటే ఫెర్రిటిక్ ఉక్కు పెళుసవుతుంది. కరిగిన లోహంలోకి ఆర్గాన్, ఆక్సిజన్ వాయువులను కలిపి ఊది, క్రోమియం కాలిపోకుండా కార్బన్‌ను మాత్రం తొలగించే పద్ధతి 1968లో అమెరికాలో పారిశ్రామికంగా అమలైంది. చౌకగా మంచి ఫెర్రిటిక్ ఉక్కు దొరకడానికి ఈ పద్ధతే ముఖ్యకారణమని చెప్పవచ్చు.

3. వేడిలో బలం, బలహీనత

లోహం వేడికి సాగుతుంది. మీటరు పొడవున్న 304 కడ్డీని 500 డిగ్రీలు వేడిచేస్తే సుమారు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 430 కడ్డీ 5.5 మిల్లీమీటర్ల వరకే పెరుగుతుంది. పై ఆక్సైడు పొర సాగేది ఇంకా తక్కువ. లోహం, పొర వేర్వేరుగా సాగితే చల్లారేటప్పుడు పొర పెచ్చులూడుతుంది. అందుకే ఎడతెగని వేడిలో 304 రకం సుమారు 925 డిగ్రీల సెల్సియస్ వరకు నిలిచినా, వేడెక్కుతూ చల్లారుతూ ఉండే చోట దాని హద్దు 870కి పడిపోతుంది. 430 విషయంలో ఇది తిరగబడుతుంది: ఎడతెగని వేడిలో 815, వేడి, చల్లదనం మారుతున్నప్పుడు 870. రోజుకు పదిసార్లు ఆగి కదిలే వాహనపు పొగగొట్టానికి 11 శాతం క్రోమియం, కొద్దిపాటి టైటానియం గల 409 రకాన్ని ఎంచుకోవడంలో చౌకదనంతో పాటు ఈ గుణమూ ఉంది. క్రోమియం 23 నుండి 27 శాతం ఉన్న 446 రకం సుమారు 1,100 డిగ్రీల వరకు పెచ్చులూడదు.

పెచ్చులూడకపోవడం వేరు, బరువు మోయడం వేరు. దాదాపు 600 డిగ్రీలు దాటాక ఫెర్రిటిక్ ఉక్కు తన బరువుకే మెల్లగా వంగుతుంది. అంతకంటె చిత్రమైనది 475 డిగ్రీల పెళుసుదనం. ఆ చుట్టుపక్కల వేడిలో చాలాకాలం ఉంటే క్రోమియం ఎక్కువగా ఉన్న సూక్ష్మభాగాలు విడివడతాయి. వేడిలో బాగానే ఉన్న రేకు చల్లారాక చిన్న దెబ్బకు పగులుతుంది. 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి త్వరగా చల్లారిస్తే ఈ దోషం పోతుంది. అంటే తక్కువ వేడిలో వచ్చిన జబ్బుకు ఎక్కువ వేడే మందు.

4. పదును పట్టని లోహం

కమ్మరి కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే పదును పడుతుంది. వేడిలో ఇనుము పరమాణువుల అమరిక మారడం, హఠాత్తుగా చల్లార్చినప్పుడు కార్బన్ అందులో చిక్కుకోవడం ఇందుకు కారణం. మామూలు ఇనుములో ఈ మార్పు 912 డిగ్రీల వద్ద వస్తుంది. కార్బన్ తక్కువై, క్రోమియం సుమారు 13 శాతం దాటితే గది వేడి నుండి కరిగే దాకా అమరిక ఒకటే. కనుక ఫెర్రిటిక్ ఉక్కును ఎన్నిసార్లు కాల్చి ముంచినా పదును పట్టదు. అయస్కాంతం అంటే స్టీలు కత్తులకు పదును ఉంటుంది కదా అనే సందేహం సహజమే. అది కార్బన్ ఎక్కువగా గల మార్టెన్సిటిక్ అనే వేరు కుటుంబం.

ఈ మారని గుణం వెల్డింగులో చిక్కు తెస్తుంది. అతుకు దగ్గర వేడికి లోహపు రేణువులు పెద్దవై పెళుసవుతాయి. అమరిక మారే ఉక్కులో మళ్ళీ కాల్చి రేణువులను చిన్నవి చేయవచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. రేకు మిల్లులోనైతే చల్లని స్థితిలో రోలర్ల మధ్య నొక్కి, 800 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి సరిచేస్తారు. షెడ్డులో అతికిన పొగగొట్టానికి అది సాధ్యం కాదు. కనుక తక్కువ కరెంటుతో, త్వరగా, అతుకుకు అతుకుకు నడుమ చల్లారనిస్తూ పని చేయాలి.

ఇదే కుటుంబానికి చెందిన ఇనుము, క్రోమియం, అల్యూమినియం తీగను కరెంటు పొయ్యి చుట్టలో వాడతారు. కొత్త తీగను చేత్తో చుట్టవచ్చు. కొన్నాళ్ళు ఎర్రగా కాలాక, చల్లారినప్పుడు సాగదీయబోతే పుటుక్కున విరుగుతుంది. రేణువులు పెరిగిన ఆ తీగను కదపక తప్పనప్పుడు, కాస్త వేడి చేసి, కరెంటు పూర్తిగా తీసివేసిన తరువాతనే పటకారుతో వంచుతారు.