బరువెక్కువైతే ముందు జారిపోతారా?

ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి: 'రోటర్ రైడ్‌లో 50 కిలోల వ్యక్తి, 100 కిలోల వ్యక్తి పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరి బట్టలూ ఒకే రకం. ముందు జారేదెవరు?' చాలామంది టక్కున 'బరువైనవాళ్లే' అనేస్తారు. అది తప్పు!

రోటర్ అంటే పెద్ద డ్రమ్ములాంటి గది. 1940ల చివర్లో జర్మన్ ఇంజినీర్ ఎర్నస్ట్ హోఫ్‌మైస్టర్ రూపొందించారు. గోడకు ఆనుకుని నిలబడితే గది గిర్రున తిరుగుతుంది. వేగం అందుకున్నాక కాళ్ల కింద నేల దిగిపోతుంది. మనం మాత్రం గోడకే అతుక్కుని ఉంటాం. ఎగ్జిబిషన్లలో 'మౌత్ కా కువా' గోడల మీద బైకు జారకపోవడానికీ ఇదే కారణం.

బొమ్మ గీయండి... లెక్క తేలిపోతుంది

ముందు ఫ్రీ బాడీ డయాగ్రమ్ వేయండి. బలాలు మూడే. బరువు కిందికి లాగుతుంది. గోడ కేంద్రం వైపు నెడుతుంది. ఘర్షణ పైకి పట్టి ఉంచుతుంది. బయట నిలబడి చూస్తూ లెక్క చేస్తున్నప్పుడు అపకేంద్ర బలాన్ని గీయకూడదు.

గోడ నెట్టే బలం అంటే ద్రవ్యరాశి, వ్యాసార్థం, కోణీయ వేగ వర్గాల లబ్ధం. దాన్ని ఘర్షణ గుణకంతో గుణిస్తే గరిష్ఠ ఘర్షణ. అది బరువుకు సమానమైతే చాలు. ద్రవ్యరాశి రెండువైపులా ఉంది కాబట్టి కొట్టేయొచ్చు. అంటే ఇద్దరూ నిలుస్తారు, లేదా ఇద్దరూ జారతారు.

వ్యాసార్థం 2.5 మీటర్లు, గుణకం 0.4 అనుకుందాం. కనీస వేగం సెకనుకు 3.13 రేడియన్లు. అంటే నిమిషానికి దాదాపు 30 చుట్లు.

అసలు పరీక్ష ఇక్కడే

'బట్టలు జారుడుగా ఉండి గుణకం 0.2కి పడిపోతే?' అన్నది తర్వాతి ప్రశ్న. వేగం పెంచుతామంటారా? నిమిషానికి 42 చుట్లు దాటాలి. అప్పుడు గోడ ఒత్తిడి మన బరువుకు 2.5 రెట్ల నుంచి 5 రెట్లకు చేరుతుంది. సరదా కాస్తా శిక్ష అవుతుంది. డ్రమ్ము పెద్దది చేస్తే తక్కువ చుట్లు సరిపోతాయి గానీ, ఒత్తిడి మాత్రం తగ్గదు. అందుకే గోడకు గరుకు పొర వేయడం మంచి జవాబు.

మరి ద్రవ్యరాశితో పనే లేదా? ఉంది. 100 కిలోల మనిషి గోడ మీద రెట్టింపు బలం మోపుతారు. బరువంతా ఒకవైపే చేరితే డ్రమ్ము అదురుతుంది, బేరింగులు దెబ్బతింటాయి. జారుడు లెక్కలో పోయిన ద్రవ్యరాశి డిజైన్ లెక్కలో మళ్లీ వస్తుంది. ఈ తేడా చెప్పగలిగితే సూత్రం బట్టీ పట్టలేదని ఎదుటివారికి అర్థమవుతుంది.

ఇప్పుడు మీ వంతు: గొలుసులకు వేలాడుతూ గుండ్రంగా తిరిగే కుర్చీల రైడ్ చూసే ఉంటారు. ఖాళీ కుర్చీ, మనిషి కూర్చున్న కుర్చీ ఒకే కోణంలో వాలతాయా? గొలుసు బరువు వదిలేసి, ఫార్ములా వెతక్కుండా బొమ్మతో మొదలుపెట్టండి.