సెకనుకు సాక్ష్యం

కాలాన్ని అతి కచ్చితంగా కొలిచే పరికరాలు ప్రయోగశాలల్లోనే కాదు, మామూలు ఇళ్లలోనూ నడుస్తున్నాయి. ఎలక్ట్రానిక్స్, రేడియో, ఖగోళశాస్త్రం మీద మక్కువ ఉన్నవాళ్లు సెల్ టవర్లు, ప్రయోగశాలలు తీసేసిన ఆసిలేటర్లను, రుబీడియం గడియారాలను, ఫ్రీక్వెన్సీ కౌంటర్లను కొని, బాగుచేసి, ఏళ్ల తరబడి కాపాడుకుంటారు. పైకి ఇది గడియారాల మరమ్మతులా కనిపిస్తుంది. నిజానికి ఇందులో అసలు విద్య సరిపోల్చడం. తాను సరిగా నడుస్తున్నానో లేదో ఏ గడియారమూ తనంతట తాను చెప్పలేదు. దానికి మరో గడియారం సాక్ష్యం కావాలి. ఖమ్మం జిల్లా మధిర లాంటి ఊళ్లో కూడా అలాంటి సాక్షులు ఆకాశం నుంచి, రేడియో నుంచి ఉచితంగా దొరుకుతారు.

మధిర మధ్యాహ్నం

అందరికన్నా పాత సాక్షి సూర్యుడు. మధిర సుమారు 80.37 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మధిరలో సూర్యుడు నడినెత్తి రేఖను చేరేది సగటున 12 గంటల 8½ నిమిషాలకు. భూకక్ష్య ఆకారం, భూమి అక్షం వంపు వల్ల ఇది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. నవంబరు మొదట్లో 11.52కే మిట్టమధ్యాహ్నం అవుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో దాదాపు 12.23 అయితే గానీ కాదు. నిటారుగా పాతిన కర్ర, దాని అతి పొట్టి నీడ, ఒక చేతిగడియారం ఉంటే చాలు, ఈ తేడాను ఎవరైనా కొలవవచ్చు.

మద్రాసు అబ్జర్వేటరీ 1792లో నిలబెట్టిన గ్రానైటు స్తంభం మీద తెలుగులోనూ శాసనం చెక్కారు. నక్షత్రాలు మధ్యరేఖను దాటే క్షణాలను చూసే దుర్భిణి ఆ స్తంభం మీద ఉండేది. అక్కడ తేల్చిన సమయం గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. దేశంలో రైళ్లు చాలాకాలం ఆ మద్రాసు సమయం మీదే నడిచాయి. నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది 1889లో. ఆ దారిలోనే ఉన్న మధిర దాదాపు మద్రాసు రేఖాంశం మీదే ఉండటంతో, సొంత సూర్యసమయానికి, మద్రాసు సమయానికి తేడా పావు నిమిషం మాత్రమే. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చాక ఆ తేడా 8½ నిమిషాలైంది. ఇప్పుడు ఆ సమయాన్ని న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సీజియం గడియారాలు, హైడ్రోజన్ మేజర్లతో నిలబెడుతోంది.

లెక్కపెట్టడమే కాలం

ఘడియ అంటే 24 నిమిషాలు, విఘడియ అంటే 24 సెకన్లు. అడుగున సన్నని రంధ్రం ఉన్న ఘటికా పాత్ర నీళ్లలో ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి పూర్వం కాలం చెప్పేవారు. నేటి గడియారమూ చేసేది ఆ లెక్కే. ఒకేలా మళ్లీ మళ్లీ జరిగే కంపనాలను అది లెక్కపెడుతుంది. ఆ కంపనాలను ఇచ్చేదే ఆసిలేటరు. సెకనుకు ఎన్ని కంపనాలన్నది ఫ్రీక్వెన్సీ, వాటిని కూడితే వచ్చేది కాలం. 1967 నుంచి సెకనుకు నిర్వచనం సీజియం-133 పరమాణువు. ఆ పరమాణువులోని ఒక నిర్దిష్ట మార్పుకు సంబంధించిన వికిరణం 9,192,631,770 సార్లు కంపించే వ్యవధే సెకను.

ఔత్సాహికుల బల్ల మీద ఎక్కువగా కనిపించే అంకె 10 మెగాహెర్ట్జ్. కౌంటర్లు, సిగ్నల్ జనరేటర్లు, రేడియోలు చాలావరకు బయటి నుంచి 10 మెగాహెర్ట్జ్ ఆధారాన్ని తీసుకుంటాయి. కాబట్టి మంచి ఆసిలేటరు ఒక్కటి ఉంటే బల్ల మీది పరికరాలన్నీ దాని లెక్కలోకి వస్తాయి.

క్వార్ట్జ్ నుంచి సీజియం దాకా

చేతిగడియారంలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేనుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకె అది. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒక్క తట్టు మిగులుతుంది. ఈ క్వార్ట్జ్ 25 డిగ్రీల దగ్గర తన అత్యధిక వేగంతో నడుస్తుంది. వేడెక్కినా చల్లబడినా వెనకబడుతుంది. ఖమ్మం జిల్లా ఎండల్లో గది 45 డిగ్రీలకు చేరితే, గోడగడియారం 25 డిగ్రీల్లో నడిచిన తీరుతో పోలిస్తే రోజుకు సుమారు 1.2 సెకన్లు వెనకబడుతుంది.

ఈ జబ్బుకు మందు ఓవెన్ ఆసిలేటరు. స్ఫటికాన్ని చిన్న పెట్టెలో పెట్టి, బయటి వేడి కన్నా ఎక్కువగా, 75 నుంచి 85 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచుతారు. దీని తప్పు పది కోట్లలో ఒక పాలు ఉంటే ఏడాదికి తేడా సెకనులో మూడో వంతు. రుబీడియం గడియారంలోనూ కంపించేది క్వార్ట్జే. అయితే రుబీడియం ఆవిరి దాన్ని క్షణక్షణం సరిదిద్దుతుంది. దాని తప్పు వెయ్యి కోట్లలో ఒక పాలైతే ఏడాదికి 3 మిల్లీసెకన్లు. సీజియం గడియారం తప్పు లక్ష కోట్లలో ఒక పాలు, అంటే ఏడాదికి 30 మైక్రోసెకన్లు. ఇళ్లలో రుబీడియం వరకు చేరేవారు చాలామంది, సీజియం వరకు వెళ్లేవారు కొద్దిమంది.

ఆకాశం నుంచి వచ్చే సాక్ష్యం

ఆకాశవాణి వార్తలకు ముందు వచ్చే పిప్‌లతో గడియారం సరిచేసుకున్న తరం తెలుగు ఇళ్లలో ఇంకా ఉంది. షార్ట్‌వేవ్ రేడియోలో 10 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించే చైనా సమయ కేంద్రం బీపీఎం కూడా అలాంటి సాక్షే. దాని ప్రసార కేంద్రం మధిరకు సుమారు 3,500 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ప్రతి టిక్కు చేరడానికి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో సమయ సర్వర్లు కొద్ది మిల్లీసెకన్ల వరకు సాక్ష్యమిస్తాయి.

అంతకన్నా సూక్ష్మంగా కావాలంటే ఉపగ్రహాలే గతి. జీపీఎస్ ఉపగ్రహాల్లో ఉన్నవి పరమాణు గడియారాలు. సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం అవి నేల మీది గడియారాల కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ తేడాను ముందే సరిచేసి పంపుతారు. మన నావిక్ వ్యవస్థలో 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01, దేశంలోనే తయారైన రుబీడియం గడియారాన్ని మోసుకెళ్లిన మొదటి ఉపగ్రహం.

ఈ ఉపగ్రహ సంకేతాలను అందుకునే టైమింగ్ రిసీవరు సెకనుకు ఒక పల్స్ ఇస్తుంది. ఆ పల్స్ పదుల నానోసెకన్ల మేర అటూఇటూ ఊగుతుంది గానీ ఏళ్లు గడిచినా దారి తప్పదు. ఓవెన్ ఆసిలేటరు గుణం దీనికి తలకిందులు. క్షణాల మీద నునుపుగా నడిచి, నెలల మీద పక్కకు జరుగుతుంది. ఈ రెండింటినీ కలిపితే వచ్చేదే జీపీఎస్ క్రమబద్ధ ఆసిలేటరు. ఎద్దు సమంగా నడుస్తుంది, దారి తెలిసిన బండివాడు అప్పుడప్పుడు పగ్గం సవరిస్తాడు. ఇక్కడ ఎద్దు ఆసిలేటరు, బండివాడు ఉపగ్రహం. పగ్గాన్ని మరీ తొందరగా లాగితే పల్స్‌లోని ఊగు ఆసిలేటరుకు అంటుకుంటుంది. అందుకే సవరణ వందల సెకన్ల సగటు మీద జరగాలి.

డాబా, ఎండ, కరెంటు

యాంటెన్నా డాబా మీద నలువైపులా ఆకాశం కనిపించే చోట ఉండాలి. టైమింగ్ రిసీవరు మొదట కొన్ని గంటలపాటు తన స్థానాన్ని సగటు తీసి స్థిరపరచుకుంటుంది. ఆ తర్వాత ఒక్క ఉపగ్రహం కనిపించినా సమయం చెప్పగలదు. మామూలు కోయాక్సియల్ కేబుల్లో సిగ్నలు మీటరుకు సుమారు 5 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. 20 మీటర్ల తీగకు 100 నానోసెకన్ల సవరణ రిసీవరులో నమోదు చేయాలి. తీగ ఇంట్లోకి వచ్చే చోట పిడుగు నిరోధకం, మంచి ఎర్త్ తప్పనిసరి. ఉరుములు మొదలయ్యాక తీగ విప్పబోవడం ప్రమాదం, మబ్బు పట్టినప్పుడే విప్పి పెట్టాలి.

తెలుగు నేలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం చివరి మీదుగా పోతుంది. దానికి దగ్గర ప్రాంతాల్లో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్‌లో బుడగల్లాంటి ఖాళీలు లేస్తాయి. సూర్యుడు చురుగ్గా ఉండే సంవత్సరాల్లో, మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది ఎక్కువ. అప్పుడు రాత్రి తొలి భాగంలో ఉపగ్రహ సంకేతాలు మినుకుమినుకుమంటాయి. ఆ వేళల్లో నమోదైన ఊగును పరికరం జబ్బుగా పొరబడకూడదు.

ఓవెన్ ఆసిలేటరును ఒకసారి ఆర్పితే మళ్లీ కుదురుకోవడానికి రోజులు పట్టవచ్చు. కాబట్టి కరెంటు కోత దానికి చేటు. ఇన్వర్టరు మీద కన్నా, చార్జరుకు తగిలించిన బ్యాటరీ నుంచి నేరుగా డీసీ ఇవ్వడం మేలు. 24 వోల్టులు అడిగే రుబీడియం పెట్టెకు 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలపాలి. పరికరాన్ని పడమటి ఎండ తగిలే గోడకు దూరంగా, దళసరి అల్యూమినియం పలకకు బిగించి ఉంచితే వేడి ఒక్కసారిగా మారదు. ఫ్యాను గాలి నేరుగా తగలడం కూడా మంచిది కాదు, చల్లదనం కన్నా స్థిరత్వం ముఖ్యం.

పాత పరికరం చేతికొచ్చాక

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో విడిభాగాలు దొరుకుతాయి. పాత పరికరంలో మొదట చూడవలసింది పవర్ సప్లై. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోతాయి. వాటిని మార్చి, వోల్టేజీలు కొలిచాకే మిగతా భాగాల జోలికి వెళ్లాలి.

రుబీడియం గడియారానికి ప్రాణం అందులోని చిన్న దీపం. చాలా రకాల్లో ఆ దీపం వెలుగును వోల్టేజీ రూపంలో చూపే పిన్ను ఉంటుంది. నెలకోసారి ఆ అంకె రాసుకుంటే దీపం ఎంత వేగంగా మసకబారుతోందో ముందే తెలుస్తుంది. పరికరాన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు, స్పీకర్ల అయస్కాంతాలకు దూరంగా ఉంచాలి, అయస్కాంత క్షేత్రం మారితే ఫ్రీక్వెన్సీ మారుతుంది. సీజియం గొట్టంలో పదార్థం అయిపోతే ఇంట్లో మళ్లీ నింపే దారి లేదు, దాన్ని తెరవకూడదు.

పాత జీపీఎస్ రిసీవర్లు కొన్ని తేదీని 19 ఏళ్ల పైచిలుకు వెనక్కి చూపుతాయి. జీపీఎస్ వారాల లెక్క 1,024కు చేరగానే సున్నాకు పడిపోవడమే కారణం. చివరిసారి అది 2019 ఏప్రిల్ 6-7 మధ్య జరిగింది. తేదీ తప్పినా సెకను పల్స్, 10 మెగాహెర్ట్జ్ చెడవు, కాబట్టి అలాంటి రిసీవరును పారేయనక్కర లేదు. జీపీఎస్ సమయం ప్రపంచ సమయం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. ఈ సవరణ ఉపగ్రహ సందేశంలో 12½ నిమిషాలకోసారి వస్తుంది. అందుకే కొత్తగా వెలిగించిన రిసీవరు చెప్పే సమయాన్ని పావుగంట దాకా నమ్మకూడదు.

కొలత, నోటుపుస్తకం

కొలవడం నేర్చుకోవడానికి ఇంటి కరెంటే మంచి పాఠం. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక మధిరలోనూ ఢిల్లీలోనూ ఒకే ఫ్రీక్వెన్సీ నడుస్తోంది. అది 50 హెర్ట్జ్ చుట్టూ ఊగుతుంటుంది. రోజంతా 49.9 దగ్గరే ఉంటే దాని మీద నడిచే గడియారం 173 సెకన్లు వెనకబడుతుంది. గోడ సాకెట్టులో తీగ పెట్టకుండా, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తక్కువ వోల్టేజీకి దించి కొలవాలి.

రెండు 10 మెగాహెర్ట్జ్ సిగ్నళ్లను పోల్చడానికి ఆసిలోస్కోపు చాలు. ఒకదానితో ట్రిగ్గర్ చేసి రెండోదాన్ని చూస్తే తరంగం మెల్లగా పక్కకు జరుగుతుంది. ఒక తరంగం నిడివి 100 నానోసెకన్లు. పూర్తి తరంగం జరగడానికి 100 సెకన్లు పడితే తేడా వందకోట్లలో ఒక పాలు. అయితే తప్పు ఎవరిదో రెండు గడియారాలు తేల్చలేవు. మూడు ఉంటే, జంటజంటగా పోల్చి, ఎక్కువ ఊగుతున్నది ఏదో లెక్కతో పట్టుకోవచ్చు.

ఊగును కొలవడానికి మామూలు ప్రామాణిక విచలనం పనికిరాదు. ఆసిలేటరు పక్కకు జరుగుతున్నకొద్దీ ఆ అంకె పెరుగుతూనే పోతుంది. 1966లో డేవిడ్ అలన్ చూపిన పద్ధతి పక్కపక్క సగటుల మధ్య తేడాలను తీసుకుంటుంది. సెకను మీద, గంట మీద, రోజు మీద ఏ గడియారం మెరుగో దానితో విడివిడిగా తెలుస్తుంది. ఈ లెక్కలన్నిటికీ ముడిసరుకు నోటుపుస్తకం. తేదీ, గది వేడి, కరెంటు పోయిన వేళ, సరిచేసిన స్క్రూ, అన్నీ అందులో ఉండాలి. రాయని సవరణ తర్వాతి కొలతలను పాడుచేస్తుంది.

దేనికి పనికొస్తుంది

హామ్ రేడియోలో ఎఫ్‌టీ8 పద్ధతి 15 సెకన్ల విడతల్లో నడుస్తుంది, రెండువైపులా గడియారాలు సెకనులోపు కలవాలి. 10 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడేవారికి పది లక్షల్లో ఒక పాలు తప్పినా సంకేతం 10 కిలోహెర్ట్జ్ పక్కకు పోయి దొరకదు. వందకోట్లలో ఒక పాలు తప్పితే తేడా 10 హెర్ట్జే. ప్రసారం చేయడానికి ప్రభుత్వ పరీక్ష, లైసెన్సు తప్పనిసరి. 1983 నుంచి హైదరాబాద్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఇందుకు శిక్షణ ఇస్తోంది. గ్రహశకలం నక్షత్రానికి అడ్డొచ్చే క్షణాన్ని వీడియో తీసి, ప్రతి ఫ్రేముకూ జీపీఎస్ సమయం ముద్రిస్తే, వేర్వేరు ఊళ్ల నుంచి తీసిన కొలతలు కలిపి ఆ శకలం ఆకారాన్ని గీయవచ్చు.

ఈ అభిరుచి ఎంతదూరం పోగలదో 2005లో అమెరికాలో ఒక ఔత్సాహికుడు చూపాడు. మూడు సీజియం గడియారాలను కారులో రెయినియర్ పర్వతం మీదికి తీసుకెళ్లి, రెండు రోజుల తర్వాత ఇంట్లో ఉంచిన గడియారాలతో పోల్చాడు. కొండెక్కినవి సుమారు 22 నానోసెకన్లు ముందుకు పోయాయి. ఎత్తు పెరిగితే కాలం వేగంగా నడుస్తుందన్న ఐన్‌స్టీన్ లెక్కకు అది సరిపోయింది. అదే లెక్కన మధిరలో గడియారాన్ని మూడు మీటర్ల ఎత్తున్న డాబా మీద పెడితే రోజుకు 28 పికోసెకన్లు ముందుకు పోవాలి. ఆ తేడాను పట్టగల గడియారం ఇళ్లలోకి ఇంకా రాలేదు. అందుకే అతనికి కొండంత ఎత్తు, రెండు రోజుల గడువు కావలసి వచ్చాయి. ఇంట్లో సాక్ష్యానికి మిగిల్చిన గడియారాలు లేకపోతే, అవి రెండూ ఉండి కూడా ఆ 22 నానోసెకన్లు ఎవరికీ కనిపించేవి కావు.