ఏ వేషం కడతావు?

మనిషి మనసు తెలుసుకోవాలంటే జాతకం చూడనక్కరలేదు, చెయ్యి చూడనక్కరలేదు. "నాటకం వేస్తున్నాం, నీకే వేషం కావాలి?" అని అడిగితే చాలు. లోపల ఉన్నదంతా నాలుక చివరికి వచ్చేస్తుంది. చీమకు కూడా దారి తొలిగే సాధువు దుర్యోధనుణ్ణి కోరతాడు. ఇంట్లో నోరెత్తని పెద్దమనిషికి భీముడు కావాలి. మాట తడబడే కుర్రవాడు రాయబారంలో కృష్ణుడు తప్ప మరేదీ వద్దంటాడు!

ఈ ప్రశ్న ఇప్పుడు నంద్యాలలో కొత్త రూపంలో వినపడుతోంది. మా కాలేజీ విద్యార్థులు కొందరు ఆదివారం మధ్యాహ్నాలు ఒకరి మిద్దెమీద చేరి, కాగితాలూ పెన్సిళ్ళూ పాచికలూ ముందేసుకుని ఒక ఆట ఆడుతున్నారు. గెలుపు ఓటముల లెక్క లేదు. ఒకడు సూత్రధారి. "మీరు గుహ ముందర నిలబడ్డారు. లోపలినుంచి బుస వినపడుతోంది. ఏం చేస్తారు?" అంటాడు. మిగిలినవాళ్ళు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెపుతారు. చెప్పినదల్లా జరగదు సుమండీ! ఇరవై ముఖాల పాచిక దొర్లించి, పడిన అంకెనుబట్టి కార్యం పండిందో ఎండిందో తేలుస్తారు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలూ, రెక్కల పాములూ అని మనం చెప్పుకోవచ్చు.

1974లో అమెరికాలో అచ్చయిన ఆట ఇది. కల్పించినవారు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు. గైగాక్స్ బీమా ఉద్యోగం పోయి, జోళ్ళు బాగుచేసి సంసారం ఈదుతున్న రోజులవి. మొదట వేసినవి 1000 ప్రతులు. వాటిలో మూడే వేషాలు: కత్తి పట్టే యోధుడు, మంత్రాలు వేసే మాంత్రికుడు, దేవుణ్ణి తలచి గాయాలు మాన్పే అర్చకుడు. మరుసటి ఏడాది తాళాలు తీసే దొంగ వచ్చి చేరాడు. 2014 నాటి పుస్తకంలో లెక్క పన్నెండుకు పెరిగింది.

వేషమంటే ఇక్కడ కిరీటమూ రంగూ కాదు. చేతనయిన పని, చేతకాని పని రెండూ వేషంతోబాటే వస్తాయి. యోధుడికి కవచం ఉంటుంది, మంత్రం ఉండదు. మాంత్రికుడికి మంత్రం ఉంటుంది, కవచం ఉండదు. పాత నిబంధనల్లో మొదటి మెట్టుమీది మాంత్రికుడికి రోజుకు ఒక్కటంటే ఒక్క మంత్రం. అది కాస్తా వేసేశాక పాపం, యోధుడి వీపుచాటున దాక్కోవలసిందే. ఓర్చుకుని మెట్లెక్కితే మాత్రం ఒకనాటికి యోధుడే అతని చాటుకు వస్తాడు. తొందరగలవాడు కత్తి పట్టాలి. ఓపికగలవాడు మంత్రం పట్టాలి.

మరి వేషం మన స్వభావానికి దగ్గరగా ఉండాలా, దూరంగా ఉండాలా? ఈ చర్చ మనకు కొత్తది కాదు. విరాటపర్వం మొదట్లో పాండవులు కూర్చుని తేల్చుకున్నది ఇదే. ధర్మరాజు కంకుభట్టై రాజుగారి పక్కన జూదానికి కూర్చున్నాడు. అన్నీ పోగొట్టిన పాచికల మీద ఆయనకు ఇంకా మోజు తీరలేదు కాబోలు. భోజనప్రియుడైన భీముడు వలలుడై వంటింట్లో దూరాడు. నకులుడు గుర్రాలశాలకు, సహదేవుడు ఆలమందకు వెళ్ళారు. ఇవన్నీ దగ్గరి వేషాలు. అర్జునుడిదొక్కటే చాలా దూరపు వేషం. గాండీవాన్ని జమ్మిచెట్టెక్కించి, బృహన్నలై ఉత్తరకు ఆటపాటలు నేర్పాడు. కాని ఆ దూరం పైకి కనపడేదే. స్వర్గంలో చిత్రసేనుడి దగ్గర నేర్చిన నాట్యం అతనిలో ఎన్నాళ్ళుగానో దాగి ఉంది. వేషం దాన్ని బయటికి తెచ్చింది.

స్థానం నరసింహారావుగారి సంగతీ అంతే. మగవాడై పుట్టి సత్యభామ వేషం కట్టి ఆంధ్రదేశాన్నంతా మెప్పించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మంచి వేషానికి నేను చెప్పుకునే గుర్తు ఇదే: చూసేవాళ్ళకు దూరంగా ఉండాలి, వేసేవాడికి దగ్గరగా ఉండాలి.

సరే, కోరిన వేషం కోరినవాడికల్లా దొరుకుతుందా? మా ప్రాంతపు పల్లెల్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడడం చూచినవారికి ఆ సంగతి తెలుసు. పంటలు ఇంటికి చేరాక హార్మోనియం అయ్యవారు ఊళ్ళో దిగుతాడు. రాత్రిళ్ళు పద్యాలు వల్లె వేయిస్తాడు. డ్రెస్సులకూ దీపాలకూ మైకుకూ అయ్యే ఖర్చు వేషధారులే తలా ఇంత అని వేసుకుంటారు. కృష్ణుడికి పోటీ ఎక్కువ గనుక చందా కూడా ఎక్కువ. అందుకే ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగుతారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఒకరు.

ఇందువల్ల నలుగురి ముచ్చటా తీరుతుంది, కాదనను. కాని శ్రుతికీ తనకూ ఏ చుట్టరికమూ లేని ఆసామి ఒకాయన రాయబారం నడుపుతుంటే, గంట కొట్టినట్టు పాడగల కూలిమనిషి ద్వారపాలకుడై ఈటె పట్టుకుని పక్కన నిలబడి ఉండడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఆ రాత్రంతా ద్వారపాలకుడి పెదవులు కదులుతూనే ఉన్నాయి. కృష్ణుడి పద్యాలన్నీ అతనికి వచ్చును. చందా డబ్బులే రాలేదు.

ఈ పాచికల ఆటలో ఆ పాపం లేదు. బలం, చురుకు, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గుణాలు. పాత పద్ధతిలో ఒక్కొక్క గుణానికి మూడేసి పాచికలు వేస్తారు. 3 మొదలు 18 దాకా ఎంత పడితే అంత. ఆ తర్వాతే వేషం. బలం బాగా పడినవాడు యోధుడికి, తెలివి పడినవాడు మాంత్రికుడికి, వివేకం పడినవాడు అర్చకుడికి బాగా పనికివస్తాడు. పాచికకు ఆసామీ తెలియదు, కూలీ తెలియదు. శకునిగారి పాచికలయితే తప్ప! ఈ కాలపు నిబంధనల్లో పడిన అంకెలను ఏ గుణానికి ఏది అని ఆటగాడే పంచుకోవచ్చు. విధి సగం, ఇష్టం సగం.

అయినా వచ్చిన చిక్కు ఒకటుంది. మా వాళ్ళు మొదటిసారి ఆడినప్పుడు నలుగురిలో ముగ్గురు యోధులు, ఒకడు మాంత్రికుడు. దెబ్బ కొట్టడానికి అందరూ ఉన్నారు, తగిలిన దెబ్బకు కట్టు కట్టేవాడు లేడు. మూడో తలుపు దగ్గర తాళం తీసేవాడూ లేడు. గుహ సగం దాటకుండానే నలుగురూ హరీ అన్నారు. అందరూ కృష్ణులయితే రథం మీద కూర్చునేదెవరు?

తరువాతి ఆదివారం, అంతవరకూ గోడకు చేరబడి చూస్తున్న కుర్రవాడు ఒకడు, "ఎవరికీ వద్దయితే ఆ అర్చకుడు నాకియ్యండి" అన్నాడు. ఆళ్ళగడ్డనుంచి వచ్చే పిల్లవాడు. తండ్రి రాతిపని చేస్తాడు. క్లాసులో హాజరు పలకడం తప్ప అతని గొంతు నేను ఎరగను. ఇప్పుడు తలుపు తియ్యబోయేముందు మిగిలినవాళ్ళు వెనక్కు తిరిగి, "ఏమప్పా, వెళ్దామా, ఆగుదామా?" అని అతన్ని అడుగుతున్నారట. మొన్న సెమినారులో లేచి పది నిముషాలు మాట్లాడాడు. అర్చకుడి వేషం అతనికి గొంతు ఇచ్చిందని నేను అనను. గొంతు అతనిదే. అది అవసరమయినవాళ్ళు నలుగురు దొరికారు, అంతే.

ఆళ్ళగడ్డ అనగానే శిల్పులు గుర్తుకు వస్తారు. అక్కడ ఉలి తాకి దేవుళ్ళయిన రాళ్ళు ఎన్ని ఊళ్ళ గుళ్ళల్లోనో పూజలందుకుంటున్నాయి. శిల్పశాస్త్రం రాళ్ళను పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని మూడు జాతులు చేసింది. తట్టి, పలికిన నాదాన్నిబట్టి పోల్చుకోవాలి. దేవుడి విగ్రహానికి మొదటిది, దేవి విగ్రహానికీ పీఠానికీ రెండవది, కింద పునాదికి మూడవది. మూడింటిలో ఏదీ పారవేసే రాయి కాదు. పునాదిరాయి కదిలితే స్వామివారి కిరీటం ఎంత బాగా చెక్కి ఏం లాభం? రాయికీ మనిషికీ తేడా ఒక్కటే: రాయి తన జాతి మార్చుకోలేదు. మనిషి వచ్చే ఆదివారం మార్చుకోవచ్చు.

"మాస్టారూ, మీరయితే ఏ వేషం కడతారు?" అని పిల్లలు నన్నూ అడిగారు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి, పైగా నంద్యాలవాణ్ణి. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకే. పదహారో శతాబ్దపు ఆ కావ్యాన్ని మించిన వేషాల ఆట మరొకటి ఉంటుందా! మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు, కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. ఇద్దరూ మారువేషాలతోనే కలుసుకుంటారు; అవతలివారు ఎవరో ఇద్దరికీ తెలియదు. కోరికకోసం కట్టిన వేషం ఎన్ని చిక్కులు తెస్తుందో సూరన ఆనాడే చూపించాడు. కాని నాకు ఇష్టమయినది వేషం మార్చుకున్న మణికంధరుడు కాడు. అంతకు ముందు, నారదుడి వెంట వీణ పట్టుకుని తిరిగి సంగీతం నేర్చుకున్న మణికంధరుడు.

అలాంటివాడు ఆ పన్నెండు వేషాల్లోనూ ఒకడున్నాడు. దేశదిమ్మరి గాయకుడు. కత్తి పట్టగలడుగాని యోధుడంత కాదు. మంత్రం వెయ్యగలడుగాని మాంత్రికుడంత కాదు. అతని పాట వల్ల పక్కవాడి కత్తి సూటిగా తగులుతుంది, పక్కవాడి గుండె నిబ్బరపడుతుంది. నా ఓటు అతనికి. మన నాటకంలో అతను ఎవరంటే, తెర పక్కన చాపమీద కూర్చున్న హార్మోనియం అయ్యవారు. ఆయనకు కిరీటం లేదు, పేరు కరపత్రంలో అడుగున ఉంటుంది. కాని కృష్ణుడు పద్యం మరిచిపోతే మొదటి మాట అందించేది ఆయనే. గొంతు జారితే శ్రుతి పెంచి కప్పేదీ ఆయనే.

కనుక కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నీకు ఏ వేషం అందంగా ఉంటుందని మొదట చూసుకోకు. నువ్వు లేకపోతే ఏ వేషం ఖాళీగా ఉంటుందో చూడు. అందులో నీకు దగ్గరగా ఉన్నది కట్టు. పెద్దలకు చెప్పేదీ ఒకటుంది: ఈసారి మీ ఊళ్ళో రాయబారం ఆడేటప్పుడు కృష్ణుణ్ణి చూస్తూ చూస్తూ, ఒక్క క్షణం ద్వారపాలకుడి పెదవులవైపు కూడా చూడండి.